ఐలవ్వ చూసుకున్న ఊరు

మెట్‌పల్లి దగ్గరి పల్లెలో ఐలవ్వ ఇల్లు పొద్దుగూకగానే మూగబోయేది. భర్త కొమురెల్లి మస్కట్‌లో మేస్త్రీ. కూతుర్ని పడుకోబెట్టాక ఐలవ్వ బీడీలు చుడుతూ, గోడ అవతల ఎవరైనా దగ్గినా బాగుండుననుకునేది. నిద్ర సరిగా పట్టేది కాదు.

ఎనభై ఆరులో కొమురెల్లి తన మాటలు రికార్డు చేసి క్యాసెట్ పంపాడు.

"టౌన్ల జాగ తీసుకొని కిరాయికి అర్రలు కట్టిద్దాం. ఊరు నువ్వే చూడు ఐలవ్వా. నువ్వు యాడుంటే నేను ఆడికే వస్త."

మరిది బాలమల్లు ఆమెను మెట్‌పల్లి తీసుకెళ్లాడు. "బజారు పక్కనే వదినె. కిరాయిదారుల ఫికరే లేదు," అన్నాడు. జాగా మంచిదే, గదులు కడితే ఖాళీ ఉండవు. కానీ చుట్టూ గల్ఫ్ పైసలతో లేచిన కొత్త మేడలు, మూసిన కిటికీలు. వాటి వెనక తనలాంటి ఆడవాళ్లే కూర్చుని ఉన్నట్టనిపించి ఐలవ్వ తిరిగొచ్చేసింది.

తర్వాత మందమర్రిలో అక్క దేవవ్వ దగ్గరికి పోయింది. బావది బొగ్గుబాయిలో కొలువు. తెల్లవారుతుండగా సైరన్ కూస్తే గాని ఐలవ్వకు మెలకువ రాలేదు. బయట మంచు, బొగ్గుల పొయ్యి పొగ కలిసిపోయి, డ్యూటీకి పోయేవాళ్లు మబ్బుల్లో తేలిపోతున్నట్టున్నారు. నల్లా దగ్గర ముఖం కనబడని ఆడమనిషెవరో, "చాయ్ తాగినవా చెల్లె?" అని అడిగింది. ఇంకా కలలోనే ఉన్నాననుకుంది ఐలవ్వ.

"అక్కా, అర్రలు ఈడనే కట్టిస్త."

"గీ పొగలనా? ఆరేసిన బట్టలు నల్లగైతయే!"

"కానియ్. నాకు ఈడ నిద్ర పట్టింది."

బాలమల్లు అలిగాడు. అయినా ఆమె ఊరి అంచున జాగా కొని, ఒకే వసారా కింద వరుసగా అర్రలు కట్టించింది. తన అర్ర నడుమ ఉండాలంది. క్వార్టర్ దొరకని పడుచు జంటలు కిరాయికి దిగాయి. మధ్యాహ్నాలు ఆమె అలా ఒరిగి ఉంటే పక్క అర్రలో రేడియో, గంటె చప్పుడు, పసిపిల్ల ఏడుపు నీళ్లలా వచ్చి ఒడ్డును తాకేవి.

మరుసటి ఏడు కొమురెల్లి పెట్టె పట్టుకుని వచ్చాడు. వసారా ముందు నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న కిరాయిదారు పిల్ల అతన్ని ఎగాదిగా చూసి, "అర్రలు ఖాళీ లేవన్నా," అంది.

"నాకు కిరాయికి వద్దు బిడ్డా. నేను ఐలవ్వ మొగన్ని."

వసారా అంతా నవ్వులు. ఐలవ్వ పిండి చేతులతోనే బయటికి వచ్చి, అతని చేతిలోని పెట్టె అందుకుంది.

ఆ సెలవులో అతను ఊరికే కూర్చోలేదు. వరుస చివర తన చేత్తోనే ఇంకో అర్రకు పునాది తీశాడు.