కమలవ్వ మూత తీసిన ట్యాంకు

అరబ్బు దేశంలో, ఇబ్రి అనే ఊళ్ళో ఒక ఇంటి ప్రహరీగోడకు వీధివైపున ఒక నీళ్ళ కూలర్ ఉంది. స్టీలు పెట్టె, మూడు కుళాయిలు, పైన రేకు. దారిన పోయేవాళ్ళెవరైనా తాగవచ్చు. ఆ ఇంటి ముసలామె కొడుకు కారు ప్రమాదంలో పోతే, వాడి పేరున ఆమె పెట్టించింది. మన ఊళ్ళలో చలివేంద్రాలు పెట్టినట్టే. కాకపోతే అక్కడ ఎండాకాలం అంత తొందరగా పోయేది కాదు కాబట్టి కూలర్‌కు సెలవు లేదు.

ఆ ఇంట్లో పనిచేసే కమలవ్వది మెట్‌పల్లి దగ్గర పల్లె. పెళ్ళయిన నాటినుంచి బీడీలు చుట్టింది. జగిత్యాల దాటి ఎరగని మనిషి, భర్త పోయాక ఏకంగా విమానమెక్కింది. వచ్చిన కొత్తలో ఆమెకు తెలిసిన అరబ్బీ అవును, కాదు అనే రెండు మాటలే. అవి కూడా తారుమారుగా వాడి తిట్లు తిన్నది. ఇప్పుడు ఇల్లు నడిపేంత అరబ్బీ వచ్చింది. ముసలామెను అక్కడివాళ్ళలా మామా, అంటే అమ్మా, అని పిలుస్తుంది, ఆమె మోకాళ్ళకు నూనె రాస్తుంది, ఆమెకే సుద్దులు చెబుతుంది. అందరి మంచిచెడ్డలూ తన నెత్తిన వేసుకునే గుణం మాత్రం ఊరినుంచి వెంట తెచ్చుకున్నదే.

కూలర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలంగాణవాళ్ళు, పక్కన కడుతున్న బిల్డింగ్‌లో పనివాళ్ళు. వాళ్ళ మాట చెవిన పడితే చాలు, కమలవ్వ చెత్తబుట్ట వంకతో గేటు బయట తేలేది. వాళ్ళలో భూమేశ్ అనే తాపీ మేస్త్రీ ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆమెను పెద్దమ్మా అనేవాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, ఎండకు పని ఆపే వేళ, భూమేశ్ సీసా నింపుకుని ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"పెద్దమ్మా, చాయపత్తి ఏస్తె చాయ్ అయితది. గింత కాగినయేంది?"

తప్పు కూలర్‌ది కాదు. మేడమీది ట్యాంకు పొద్దంతా ఎండకు కాగుతుంది. ఇంతమంది పట్టుకుంటూ ఉంటే ఆ నీళ్ళను చల్లబరిచే వ్యవధి కూలర్‌కు ఎక్కడిది? కానీ కమలవ్వకు ఆ మాట మనసులో గుచ్చుకుంది. ఎండలో మాడి వచ్చిన మనవాళ్ళు వేన్నీళ్ళు తాగడమా? వాళ్ళ ఊళ్ళో వేసవి రాత్రి బిందె నీళ్ళు ఆరుబయట పెడితే తెల్లారేసరికి చల్లబడేవి. మూత పెడితే ఉక్క, తీస్తే గాలి. ఇందులో పెద్ద చదువేముంది? ఆ సాయంత్రమే మేడెక్కి ట్యాంకు మూత తీసి పక్కన పెట్టింది.

మొదట్లో పొద్దున్నే ఎక్కి మూసేది. తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. రోజూ ఎక్కీ దిగీ ఏం సాధించాలని మూత అలాగే వదిలేసింది. నీళ్ళు నిజంగానే కాస్త చల్లబడ్డాయి. "ఇప్పుడు మంచిగున్నయ్ పెద్దమ్మా" అని భూమేశ్ అంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. ఎలా చల్లబడ్డాయో ఎవరికీ చెప్పలేదు. గుప్తదానం అనుకుంది కాబోలు. నీళ్ళు చల్లగా ఉంటే మంచివేనని నమ్మడం మనందరికీ ఉన్న జబ్బే, ఆమె ఒక్కదాన్నే అని లాభం లేదు.

ఇంట్లోవాళ్ళు తాగేవి షాపునుంచి వచ్చే డబ్బా నీళ్ళు. అందుకే ట్యాంకు అంచున పావురాలు కాపురం పెట్టిన సంగతి ఇంట్లో ఎవరి కడుపుకూ తెలియలేదు. సైటువాళ్ళ కడుపులకు తెలిసింది. ఒకరి తర్వాత ఒకరికి వాంతులు, విరేచనాలు. భూమేశ్ పనిలోనే కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. నీళ్ళు పరీక్షించేవాళ్ళు వచ్చి సీసాల్లో పట్టుకుపోయారు. ట్యాంకులో ఈకలు, రెట్టలు, అడుగున పాచి చూసి, కడిగించి మళ్ళీ పరీక్ష చేసేదాకా కుళాయిలు తెరవవద్దన్నారు. మూత గాలికి ఎగిరిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు.

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. కమలవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఇంటి డ్రైవర్ కమ్రాన్ ట్యాంకును తోమి కడిగాడు. రెండో పరీక్షలో నీళ్ళు బాగున్నాయని తేలింది. అయినా మామా కుళాయిలు తెరవనివ్వలేదు.

"నా కొడుకు పేరున పోసిన నీళ్ళు తాగి మనుషులు ఆసుపత్రి పాలయ్యారు. ఈ దానం దేవుడికి ఇష్టం లేదు. పీకించెయ్యండి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు, కొడుకు రెండోసారి పోయినట్టుగా ఉంది.

బయట మనుషులు ఎండలో వచ్చి, కుళాయి తిప్పి, చుక్క రాక తిరిగిపోతున్నారు. కమలవ్వ గేటు సందులోంచి చూస్తూనే ఉంది. తను నోరు మూసుకుంటే తన పని నిలుస్తుంది, ఆ వీధికి నీళ్ళు పోతాయి. సాయంత్రం మామా మోకాళ్ళకు నూనె రాస్తూ, వచ్చిన అరబ్బీలో, రాని చోట చేతులతో మూత ఎత్తి చూపిస్తూ, చెప్పేసింది.

"దేవుడికి ఇష్టం లేక కాదు మామా. మూత తీసింది నేను."

మామా కాలు వెనక్కి లాక్కుంది. నూనె సీసాకు మూత తనే మెల్లగా బిగించింది. ఆ కాసేపట్లో కమలవ్వ మనసులో పెట్టె కూడా సర్దేసుకుంది.

"తాగి పడిపోయింది నేను కాదు" అంది మామా చివరికి. "ఆ మనిషికి చెప్పు. విన్న తర్వాత కూడా అతను నా కొడుకు నీళ్ళు తాగితే కూలర్ ఉంటుంది. తాగకపోతే తీసేస్తాను."

ముసలామె గడుసుది. అది శిక్షో దారో కమలవ్వ ఇప్పటికీ తేల్చుకోలేదు.

భూమేశ్ అప్పటికి మళ్ళీ డ్యూటీకి వస్తున్నాడు. చెంపలు పీక్కుపోయాయి. మరునాడు గేటు దగ్గర ఆపితే అతనే ముందు అందుకున్నాడు.

"వాళ్లేమొ డబ్బ నీళ్లు తాగుకుంట మనకు పిట్టల రెట్టల నీళ్లు పోసిండ్రు, సూసినవా పెద్దమ్మా? మనం మనుషుల లెక్క కనవడ్తలేమా గీళ్లకు?"

తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. ఆ కోపమంతా మామా గోడకు తగిలి అక్కడే ఆగేది.

"వాళ్లు గాదు బిడ్డా. మూత నేను తీసిన. కాగినయంటివి గదా, సల్లవడ్తయని తీసిన. నిన్ను పండవెట్టింది నేనే."

భూమేశ్ ఆమెను ఎగాదిగా చూశాడు.

"నేను సస్తననుకున్న పెద్దమ్మా. పిల్లలు యాదికొచ్చిండ్రు."

అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది. ఖాళీ సీసా చంకలో పెట్టుకుని షాపువైపు వెళ్ళిపోయాడు. కమలవ్వ అక్కడే నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు పని పోతుందని కాదు.

మర్నాడు అతను రాలేదు. ఆ తర్వాతి రోజు వచ్చాడు, వెనక సైటువాళ్ళు ఇంకొందరు.

"మూత ఉన్నదా?"

"ఉన్నది. తాళమేసి చెవి మామాకు ఇచ్చిన. నేనడిగినా ఇయ్యద్దని చెప్పిన."

"కాగుతయి మల్ల."

"కాగుతయి బిడ్డా. గవే తాగాలె."

కమలవ్వ లోపలికి వెళ్ళి వాల్వు తిప్పి వచ్చింది. మూడు కుళాయిలు ఉన్నాయి, చేయి చాపితే అందుతాయి. భూమేశ్ మాత్రం తన సీసా ఆమెకు ఇచ్చాడు.

"నీ చేతుల్తోనే పట్టియ్యి" అన్నాడు.

కమలవ్వ సీసా కడిగి, నిండా పట్టి ఇచ్చింది. అతను సీసా అందుకుని, వేడికి కళ్ళు మూసుకుని తాగి, మిగిలినవి వెనకవాడికి ఇచ్చాడు.