పదిహేడో జంట

ఆ ఉదయం జమ్మలమడుగులోని ఆ ఇంటి వసారాలో ఉన్నవి ఇవి. ఓబులేసు: డెబ్బై దాటిన మనిషి, భార్య పేరు తప్ప తక్కిన పేర్లన్నీ మర్చిపోయినవాడు. ఆయన భార్య గంగులమ్మ: అన్నీ గుర్తున్న మనిషి. నేను. ఐసు పెట్టె ఒకటి. మూత ఉన్న డబ్బాలు రెండు, వాటి మీద నా చేతిరాతతో చీటీలు.

ఐదేళ్లుగా ఈ జాబితా నాకు కంఠతా. రెండు చిన్న డబ్బాలు, గుప్పిట్లో పడతాయి. అయినా దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీ ముందు దించుతున్నాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ప్రొద్దుటూరులో ఒక పరిశోధన బృందానికి పనిచేశాను. పేగుల్లోని సూక్ష్మజీవులకూ ముసలితనపు మతిమరుపుకూ లంకె ఉందా అని వాళ్లు వెతుకుతున్నారు. మతిమరుపు వచ్చిన మనిషినీ, అదే ఇంట్లో అదే కూడు తినే భార్యనో భర్తనో జంటగా తీసుకుని ఇద్దరి మలాన్నీ పోల్చాలి. ఒకరు ఇవ్వకపోతే జంట మొత్తం కొట్టివేత.

మిగతా వాళ్ల పట్టికల్లో కొట్టివేతలు ఉండేవి. నా పట్టికలో ఒక్కటీ లేదు. ఈ సంగతి పులివెందులలో మా ఇంట్లో, మా వీధిలో, పెళ్లిళ్లలో కూడా చెప్పుకున్నాను. పెంట పోగుచేయడంలో నేను మొదటివాణ్ని. దానికి అంత గర్వం.

ముందురోజు ప్రశ్నల కాగితం నింపుతూ, యాంటీబయాటిక్ బిళ్లలు వాడారా అని గంగులమ్మను అడిగాను. ఎందుకు అడుగుతున్నానో కూడా వివరించాను, అడక్కపోయినా. అవి కడుపులోని మంచి క్రిములను కూడా చంపుతాయని చెప్పాను. ఆమె లేదంది, కానీ అప్పట్నుంచి మాట తగ్గిపోయింది. నేను గమనించాను. కాగితంలో దానికి గడి లేదు, వదిలేశాను.

మర్నాడు ఆమెది సిద్ధంగా ఉంది. ఓబులేసుకు మూడు రోజులుగా రావడం లేదు. గంటన్నర కూర్చున్నాను. ఆయన ఐసు పెట్టెను చూసి నవ్వాడు.

"నా పెండ్లికి గూడ ఐసు తేల్యా గదప్పా. పెంటకు తెచ్చినావే."

గంగులమ్మ ఆముదం కోసం పక్కింటికి పోయింది. అప్పుడు చేశాను. ఆమె డబ్బా మూత తీసి, చెంచాతో సగం ఆయన డబ్బాలోకి మార్చాను. మూతలు బిగించాను. చీటీలు సరిచూశాను. మర్నాడు మళ్లీ రావచ్చు, నియమాల్లో ఆ వీలు ఉంది, ఆ కాగితం టైపు చేసిందే నేను. మళ్లీ వస్తే నా పట్టికలో ఒక తేదీ మారుతుంది. అంతకు మించి పోయేదేమీ లేదు. మరి ఎందుకు? ఈ ప్రశ్నకు ఐదేళ్లుగా గొప్ప కారణం వెతుకుతున్నాను. దొరకదు. నీచమైన పనికి పెద్ద కారణం కూడా లేకపోవడం ఇంకా నీచం.

ఆమె తిరిగి వచ్చాక, ఆయన ఇచ్చేశాడని చెప్పాను. ఆమె నమ్మలేక ఆయన్నే అడిగింది. "ఇచ్చినాలే," అన్నాడు. మతి తప్పిన వాళ్లు తప్పిందని బయటపడకుండా ఎదుటివాడి మాటకు తలూపుతారు. అది నాకు తెలుసు. దాని మీదే లెక్క వేసుకున్నాను.

కొన్ని నెలలకు ఫలితాలు వచ్చాయి. పదిహేడో జంటలో ఇద్దరి క్రిములూ దాదాపు ఒకటే. అంత పోలిక చూసి పెద్ద డిగ్రీల సార్లు అనుమానపడాలి. పడలేదు. ఆయన తిన్న కంచంలోనే ఆమె తింటుందని నేను రాసిన వాక్యం చూసి మురిసిపోయారు.

ఫలితం ఇంటికి వెళ్లి చెప్పడం మా పద్ధతి. వెళ్లాను. ఆమె కాగితం వైపు చూడలేదు.

"మా ఆయప్పకు కడుపు చెడినప్పుడల్లా అంగట్లో ఆ బిళ్లలు తెచ్చి నేనే మింగిచ్చినా. మూడేండ్లు. నువ్వు చెప్పినప్పట్నుంచి నిలిపేసినా. నా చేత్తోనే ఆయప్ప మతి పోగొట్టినానా? నిజం చెప్పప్పా."

"లేదవ్వా. మీ ఇద్దరి కడుపులూ ఒకే మాదిరి ఉన్నాయి. బిళ్లలు చెరిపి ఉంటే ఆయనది వేరేగా ఉండేది."

"అయితే మళ్లా ఇయ్యొచ్చునా?"

కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాను. దాన్నే జవాబుగా తీసుకుంది.

నిజమేమిటంటే ఎవరికీ తెలియదు. క్రిములు మారి మతి పోతుందో, మతి పోయి తిండి మారి క్రిములు మారతాయో ఇంకా తేలలేదు. తెలియదని చెప్పడానికి నిజాయితీ కూడా అక్కర్లేదు, నోరుంటే చాలు. ఆమె మళ్లీ బిళ్లలు మొదలుపెట్టిందని తర్వాత విన్నాను. ల్యాబువాళ్లే చెప్పారని వీధిలో అందరికీ చెబుతోందట. పల్లెవాళ్ల అజ్ఞానం గురించి నేను ఎన్ని జోకులు వేశానో లెక్కలేదు. ఆ వీధిలో ఇప్పుడున్న అజ్ఞానం నేను సంతకం చేసి ఇచ్చినది.

బృందానికి ఇంకా చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు. మీకు చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది. ఆ ఊపిరి మీద కూడా నాకు గౌరవం లేదు.

పట్టికలో ఆ వరుస అలాగే ఉంది. పదిహేడో జంట. డబ్బాలు రెండు. మనిషి ఒకరు.