మునిగిన మడి మీద పడవ

హైదరాబాదులో ఒక క్లబ్బువాళ్లు వదిలించుకుంటున్న పాత తెరచాప పడవను మా మామ లారీ మీద వేయించుకొని వచ్చాడు. నన్ను ఒక్క మాటైనా అడగలేదు. జఫర్‌గఢ్ దాటాక వచ్చే మామ ఊరి పక్కన రిజర్వాయరు కట్టి కొన్నేళ్లయింది. పడవను దాని గట్టున దింపించి, "అల్లుడా, దుబాయిల గిసోంటి పనే గదా చేసింది నువ్వు? జర సూడు దీన్ని" అన్నాడు.

నిజమే. అక్కడి పడవల యార్డులో తెరచాప స్తంభాలను నిలబెట్టే తీగలు మార్చడమే నా పని. మాది కొత్తగూడ వైపు. నా భార్య మామవాళ్లకు ఒక్కతే కూతురు. పెళ్లయ్యాక మామ నా ఉద్యోగం మానిపించి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇల్లరికం అల్లుడని ఎవరూ ముఖం మీద అనరు. కానీ ఏ పొలానికి పోవాలో, ఎవరింటి పెళ్లికి కనబడాలో, పొద్దున చాయ్ దగ్గరే మామ చెప్పేస్తాడు. నేను తలూపి లేస్తాను.

పడవ స్తంభాన్ని పట్టుకున్న ఇనుప తీగలు తుప్పు పట్టిపోయాయి. నిమిరితే తెగిన పోగులు ముళ్లలా గుచ్చుకున్నాయి. ముంబయి నుంచి స్టీలు తీగలు తెప్పించి, స్తంభాన్ని పడుకోబెట్టి అన్నీ మార్చాను. కొత్త కప్పీలు బిగించాను. చాపను పైకి లాగే తాడు కూడా కొత్తదే వేశాను. ఆ పని సాగినన్నాళ్లూ ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికీ తెలియదు కదా. నాకు ప్రాణం హాయిగా ఉండింది.

అసలు చిక్కు నీళ్లతోనే. పడవ అడుగున చేప రెక్కలాంటి ఇనుప పలక నడుము లోతున దిగి ఉంటుంది. రిజర్వాయరులో లోతున్నది పాత వాగు పారిన చోట ఒక్కటే, మిగతాదంతా మునిగిన పొలాలు. వాగు నుంచి గట్టుకు రావడానికి, మట్టి తీసినప్పుడు జేసీబీ తవ్విన సన్నటి కాలువే దారి. చేపలు పట్టే ఒకాయన థర్మాకోల్ తెప్ప మీద నన్ను ఎక్కించుకొని తిప్పాడు. గడతో లోతు చూసుకుంటూ, దారికి రెండు వైపులా వెదురు బొంగులు పాతి ఎర్ర గుడ్డలు కట్టాను.

మొదటిసారి మేమిద్దరమే బయల్దేరాం. గాలి బాగుంది. తిరిగి వస్తుంటే మామ నా చేతిలోంచి చుక్కాని తీసుకున్నాడు.

"ఎర్ర గుడ్డలు దాటొద్దు మామా."

"నా భూమి నాకు తెల్వదా?" అంటూ వెదుళ్ల వరస దాటించేశాడు.

కింద దడేల్మని తగిలింది. పడవ ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. చాప దించి గడతో నెట్టాను, కదల్లేదు. నీళ్లలోకి దిగితే నడుము దాకా వచ్చాయి, బురదేమో మోకాళ్ల దాకా పీల్చుకుంది. యాసంగి పంటకు తూము తెరిచి ఉంది. నీళ్లు ఇంకా తగ్గుతాయే తప్ప పెరగవు.

"చేపలోళ్లను పిలుద్దాం మామా" అంటూ పైకెక్కి ఫోను తీశాను.

"వద్దు. ఊరంత నవ్వుతది. ఫోను లోపల వెట్టు. గాలి వస్తది."

ఫోను లోపల పెట్టాను. ఎండ నెత్తి మీద ఉంది. ఒరిగిన పడవలో జారిపోకుండా కాళ్లు తన్నిపెట్టి ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. లేచి నాలుగడుగులు పోదామంటే చోటు లేదు. ఇంట్లో కనీసం వాకిట్లోకైనా పోవచ్చు.

మామ నీళ్లలోకి చూస్తూ అన్నాడు. "గిది మన బాయి మడి ఒడ్డు. గా ముంగటనే బాయి. మా బాపు తవ్విచ్చిండు. ఒక్కసారి దాని మీదికి పోదామనే ఈ పడవ తెచ్చిన. మీ అత్తకు గుడ చెప్పలే."

నాకు జాలి వేసింది. దాని వెంటే కోపమూ వచ్చింది. "నాకన్నా చెప్తే దారి చూసేవాణ్ని గదా!"

"చెప్తే వద్దంటవు."

ఇక ఆగలేకపోయాను. "యార్డు నుంచి ఫోనొచ్చింది మామా. మళ్ల రమ్మంటున్నరు."

"పో. నిన్నెవరు వట్టుకున్నరు?" అన్నాడు. చుక్కాని మీద చెయ్యి వేసి మళ్లీ ఆయనే, "నువ్వు వోతే దీన్ని ఎవరు నడుపుతరు?" అన్నాడు.

అప్పుడే నా భార్య ఫోను చేసింది. "ఏడున్నరు? అన్నం చల్లారిపాయె."

మామ చెయ్యి అడ్డంగా ఊపాడు. నేను ఆయన ముఖమే చూస్తూ, "బాయి మడి ఒడ్డు మీద ఇరుక్కున్నం. చేపలోళ్లను పంపు" అన్నాను. మామ ముఖం తిప్పుకున్నాడు.

తెప్పల మీద నలుగురు వచ్చారు. స్తంభం కొస నుంచి తాడు వదిలి, దూరంగా పక్కకు నీళ్లలో నిలబడి లాగమన్నాను. పడవ ఇంకా ఒరిగితే అడుగు పలక పైకి లేస్తుంది. లాగారు. తీగలు బిగుసుకొని సన్నగా మోగాయి. నేను బిగించిన ఒక్క మర జారినా స్తంభం పడవలో కూర్చున్న మామ మీదే పడుతుంది. ఏదీ జారలేదు. బురద వదిలిన చప్పుడైంది. భుజం పెట్టి పడవను కాలువలోకి నెట్టాం. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మెల్లగా, "బాయి కాడికా పటేలా? మా వలలు గూడ ఆడనే తట్టుకుంటయి" అన్నాడు. మామ తలూపాడు.

ఇంటికొచ్చి నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటూ మామ అన్నాడు. "రేపు పొద్దుగాల మళ్ల పోదాం. ఈసారి అవుతలి దిక్కు నుంచి."

తువ్వాలు పట్టుకొని నిలబడ్డ నా భార్య వైపు చూశాను. ఆమె తండ్రినే చూస్తోంది.

"సరే మామా" అన్నాను.

మర్నాడు పోయి చూస్తే, అవతలి వైపు పాత వాగు బావి పక్క నుంచే పారింది, నీళ్లు లోతుగానే ఉన్నాయి. బావి మీద పడవ ఆపాను. మామ చెయ్యి నీళ్లలో ముంచి కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చుంటాడో అడగలేక నేను తాడు పట్టుకొని నిలబడ్డాను. యార్డుకు నేను తిరిగి ఫోను చెయ్యలేదు. ఆ వారంలోనే వాళ్లు వేరే మనిషిని తీసుకున్నారు.