నాయనమ్మ వైపు నుంచి

అర్జెంటీనాలోని మా సాంతా ఫే మైదానంలో కొండ అన్నది మచ్చుకైనా లేదు. అయినా మా పక్కింటి దెల్మీరా వాళ్ళ నాయనమ్మ కతలీన, మంచు పట్టిన పొద్దుల్లో గుమ్మంలో నిలబడి, "ఇది విడిపోతే మా కొండ కనపడుతుంది" అనేదట. ఇటలీ నుంచి పడుచుతనంలో ఓడెక్కి వచ్చిన మనిషి, మళ్ళీ అటు వెళ్ళనేలేదు. ఇంట్లో తన ఊరి యాసే మాట్లాడేది. పక్కలో పడుకున్న మనవరాలికి అదే అబ్బింది.

బడి వంటశాలలో పనిచేసి రిటైరయ్యాక, దెల్మీరా ఇటలీ పాస్‌పోర్టు కోసం కాన్సులేట్‌కు వెళ్ళింది. కిటికీ వెనక అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "తాతగారి వైపయితే సులువండీ. మీది నాయనమ్మ వైపు. మీ నాన్నగారు పుట్టినప్పటి చట్టంలో తల్లి నుంచి పౌరసత్వం రాదు. కోర్టుకు వెళ్ళాల్సిందే."

ఆ సాయంత్రం మా వాకిట్లో మాతే ఆకు కషాయం తాగుతూ, దెల్మీరాను వాళ్ళ తమ్ముడు ఎల్వియో ఏడిపించాడు. "మోకాళ్ళు పట్టుకుని లేస్తావు, ఇప్పుడు ఇటలీ ఎందుకే అక్కా? పెళ్ళికొడుకు గానీ దొరికాడా?"

"కాపురానికి కాదులేరా. నాయనమ్మ కన్నబిడ్డ ఆవిడ బిడ్డ కాదంటే ఎలా ఊరుకుంటాను?"

ఎగతాళి చేసిన ఎల్వియోనే లాయరును వెతికాడు. కేసు ఏళ్ళ తరబడి సాగింది, చివరికి దెల్మీరా గెలిచింది. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు దెల్మీరా దాన్ని తెరవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆవిడ ఉండుంటే బాగుండేది," అంది నాతో.

ఏప్రిల్లో వెళ్ళింది. నాయనమ్మ ఊళ్ళో, కాఫీ కొట్టులో తనకొచ్చిన యాసలో కాఫీ అడిగితే అక్కడి పిల్ల తెల్లమొహం వేసింది. మూల బల్ల దగ్గరి ముసలాయన తలెత్తాడు.

"ఎక్కణ్ణుంచమ్మా?" అన్నాడు, అదే యాసలో.

"అర్జెంటీనా, బాబాయ్."

"మా అమ్మ పోయాక ఇలాంటి మాట వినలేదు. కాసేపు కూర్చో. ఏదో ఒకటి చెబుతూ ఉండు."

ఏం చెప్పాలో తోచక, బడిపిల్లలు పళ్ళెంలో వదిలేసే గుమ్మడి ముక్కల గురించి, వాళ్ళను బుజ్జగించి తినిపించడం గురించి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అక్కడున్నన్నాళ్ళూ నాయనమ్మ పక్కగదిలో ఉన్నట్టే ఉందే," అంది తిరిగొచ్చాక. "ఇల్లు చేరాక మళ్ళీ పోయినట్టుంది."

ఆదివారాలు ఆ ముసలాయన ఫోన్ చేస్తాడు. దెల్మీరా పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.