పడవలో బోరింగు

దెయ్యాలను నేను నమ్మను. టెక్కలిలో విలేకరిగా ఉన్నన్నాళ్లూ అలాంటి కబురు ఏదైనా వస్తే, చూసిందెవరు, ఎంత దూరం నుంచి, అంతకుముందు ఏం తాగారు అని అడిగేవాణ్ణి. మూడో ప్రశ్న దగ్గర చాలా కబుర్లు ఆగిపోయేవి. ఇప్పుడు రాసేది కూడా దెయ్యం సంగతి కాదు. ఇందులో ఉన్న మనిషి అప్పటికి బతికే ఉంది. నాకు అంతుపట్టలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అక్క దమయంతిని వజ్రపుకొత్తూరు దగ్గరి ఊరికి ఇచ్చాం. బావ ధర్మారావు పాతికేళ్లు ఓడల్లో, ఇంజను గదిలో ఫిట్టరుగా చేశాడు. రెండు వేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్లకు పని మానేసి, విశాఖలో ఎవరో విదేశీయుడు వదిలించుకున్న పాత తెరచాప పడవను తెచ్చి భావనపాడు ఉప్పుటేరులో లంగరు వేశాడు. లోపల ఇద్దరు పడుకునే చోటు, ఓ మూల పొయ్యి, బీరువా అంత మరుగుదొడ్డి. జీడితోటకు కంచె కట్టుకోలేనివాడికి పడవేటని ఊళ్లో నవ్వుకున్నారు.

అప్పటికే అక్కకు మూత్రపిండాలు పాడయ్యాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఆ మాట ఏ ఇంటికీ కొత్త కాదు. రక్తం శుద్ధి చేయించుకోవడానికి విశాఖ వెళ్లి వస్తుండేది. అందుకోసం ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టారు, ఆ చేత్తో బరువు పని చేయకూడదన్నారు. ఆమెకు ఒకటే కోరిక. పుట్టినప్పటి నుంచి ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసింది. ఒక్కసారి సముద్రంలో నిలబడి తన కొబ్బరితోటను చూడాలి.

మొదటిసారి బయలుదేరిన గంటలోపే వెనక్కి వచ్చేశారు. ఆ దొడ్డి చేతిపంపుది. ఎడమ చేతి వైపున్న పిడిని ఇరవైసార్లు కొడితేగాని సముద్రపు నీరు లోపలికొచ్చి అంతా బయటికి పోదు. అక్క దాన్ని బోరింగు అంది. మాత్రల వల్ల ఆమెకు మాటిమాటికీ వెళ్లాల్సి వచ్చేది. నాలుగుసార్లు కొట్టి ఆగిపోయింది. బావ వెళ్లి కొట్టాడు. మా వైపు చాలామంది ఆడవాళ్లలాగే ఆమె కూడా భర్తను మావా అనేది.

"నాది నువ్వు తోడి పొయ్యాలేటి మావా," అని ఏడ్చిందట. ఇక ఆ పడవ ఎక్కనంది.

బావ ఓడల్లో పనిచేసే పాత స్నేహితుడి చేత, బ్యాటరీ మీద నడిచే దొడ్డి తెప్పించాడు. మీట నొక్కితే చాలు. అక్కకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమె వారం రోజులు విశాఖ ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చినప్పుడు, కూతురు రమను తోడు ఉంచి, మేమిద్దరం పని మొదలుపెట్టాం. రమకు కూడా చెప్పలేదు.

ముందు పడవ అడుగున నీటి వాల్వు కట్టేయాలి, లేకపోతే సముద్రం లోపలికే వస్తుంది. పాత గొట్టం లోపల సున్నంలా పెంకు కట్టి, వేలు కూడా దూరడం లేదు. తుప్పుపట్టిన బోల్టులను కోసి తీశాం. మంచినీళ్ల ట్యాంకు దారికి అడ్డమైతే నేనే వంచి ఖాళీ చేశాను. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ లాగి, కొత్తది బిగించేసరికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం మీట నొక్కాం. మోటారు గుర్రుమంది గానీ చుక్క నీరు రాలేదు. తీగలు చూశాడు, వాల్వు చూశాడు, బ్యాటరీ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. రెండు గంటలయ్యాక పానా కింద పెట్టేసి కూర్చున్నాడు.

"ఇది కూడా మొండికేత్తే మీ అక్క ఇంకెప్పుడూ ఎక్కదురా," అన్నాడు.

టీ తాగుదామని తలుపుకు తాళం వేసి, ఇద్దరం తెప్ప మీద ఒడ్డుకు వెళ్లాం. పడవ ఏటి నడుమ ఉంది, తెప్ప మా దగ్గరే ఉంది. తాళంచెవి బావ జేబులో ఉంది. టీకొట్టు బల్ల మీంచి పడవ కనబడుతూనే ఉంది. అరగంట తర్వాత వచ్చి తాళం తీశాం.

కొత్త దొడ్డి పక్కన చెంబు ఉంది. పొద్దున పొయ్యి దగ్గర బోర్లించి ఉన్న చెంబే. నిండా నీళ్లు. అలకు పడవ ఊగుతున్నా చుట్టూ నేల పొడిగా ఉంది. వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు, చల్లగా ఉంది. మేం తెచ్చుకున్న సీసా పొద్దున్నే అయిపోయింది. బావ నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అతను నావైపు చూసిన చూపులోనూ అదే అనుమానం ఉంది.

తర్వాత అతను ఆ చెంబునే చూస్తూ ఉండిపోయాడు. వేసవిలో చేతిబోరింగు లోపలి తోలు ఎండిపోతుంది. పైనుంచి నీళ్లు పోస్తేగాని లాగదు. అందుకని ఆఖరున తోడినవాళ్లు, తర్వాత వచ్చేవాళ్ల కోసం ఓ చెంబుడు నీళ్లు పక్కన పెట్టి పోతారు. మా ఊళ్లలో ఆ మర్యాద ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. పాతికేళ్లు పంపులతో బతికిన మనిషికి, కొత్తది కదా అని, ఆ సంగతే తోచలేదు. గొట్టం విప్పి చెంబుడు నీళ్లూ అందులో పోశాడు. బిగించి మీట నొక్కాడు. నీళ్లు గిర్రున తిరిగాయి.

మర్నాడు పలాసలో రైలెక్కి ఆస్పత్రికి వెళ్లాం. అక్క మంచం మీద కూర్చుని ఉంది. బావను చూసి మొదట అడిగింది ఇదే.

"నీళ్లు లాగిందా మావా?"

ఏ నీళ్లని నేనడిగాను.

"నిన్న మజ్జానం దాహమేసింది. ఇంటికాడ బోరింగు దగ్గరికెళ్లినట్టున్నాను. మీరిద్దరూ కొడతన్నారు, రాట్లేదు. నాను తాగకూడదు గదా. సెంబు నింపి మీ పక్కనెట్టి వచ్చేశాను."

అప్పటికి డాక్టర్లు ఆమెకు రోజుకు రెండు గ్లాసుల నీళ్లే ఇవ్వమన్నారు.

రమను పక్కకు పిలిచి ఆరా తీశాను. ముందురోజు మధ్యాహ్నం రెండు నుంచి ఆరు వరకు అక్క రక్తం శుద్ధి చేసే యంత్రం దగ్గరే, చేతికి సూదులతో పడుకుని ఉంది. మధ్యలో కాస్త కునుకు పట్టిందట. నర్సు కూడా అదే చెప్పింది. మేం టీకి వెళ్లింది మూడున్నరకు.

మాఘమాసంలో సముద్రం నెమ్మదించాక అక్క పడవెక్కింది. నన్నూ రమ్మంది. ఒడ్డున ఉన్న అక్కుపల్లి ఊరు దాటేలోగా రెండుసార్లు లోపలికి వెళ్లి, తానే మీట నొక్కి వచ్చింది.

"ఇంత సప్పుడేటి మావా, ఒడ్డున ఊరందరికీ సెప్పేత్తంది," అని నవ్వింది. ఆ నవ్వు విని బావ చుక్కాని వదిలేసి ముఖం తుడుచుకున్నాడు.

తోట ఎదురుగా తెరచాప దించి ఆగాం. కొబ్బరిచెట్లు ఒడ్డున సన్నటి చారలా ఉన్నాయి. అందులో తన చెట్లు ఏవో అక్క వేలు పెట్టి చూపించింది. ఆ రోజు పడవకు నిజంగా వచ్చావా అని అడగాలనుకున్నాను. ఆమె చెట్లు లెక్కపెడుతోంది, అడగలేదు. ఆ ఏడు వానలు మొదలవకముందే అక్క పోయింది.

ఆ చెంబులోకి నీళ్లు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా కారణం చూపిస్తే వింటాను, వాదించను. బావ దగ్గర మాత్రం ఆ కారణం చెప్పొద్దు.