మూడు చోట్ల నిలబడిన టెంకాయ

ఆ పొద్దు మైదుకూరు దగ్గర మా చేలో ఉన్నవాళ్లు: చిన్నాయన, చిన్నమ్మ, నీళ్ల జాడ చెప్పే పెద్దమనిషి, నలుగురు కూలీలు, ఓవర్సీయరు పరీక్ష పాసై ఇంటికొచ్చిన నేను. ఉన్నవి: గడ్డపారలు, తట్టలు, ఒక టెంకాయ, సగం తవ్విన బావి, కొత్తగా నాటిన వంద చీనీ, అంటే బత్తాయి, మొక్కలు. బావిలో నీళ్లు పడకపోతే ఆ మొక్కలు ఎండాకాలం దాటవు. అప్పటికే చిన్నమ్మ పక్క చేని బావి నుంచి కడవలతో మోసి పోస్తోంది.

పెద్దమనిషి అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు. నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుందంటారు. అట్లా నిలబడిన చోటే తవ్వుతున్నారు. ముప్పై అడుగుల్లో నల్లబండ తగిలింది. చెమ్మ లేదు.

"నీళ్లు అణిగి ఉండాలంటే పైన గట్టి మూత ఉండాల గదప్పా," అన్నాడాయన.

మెత్తటి మట్టి పడ్డప్పుడు కూడా నీళ్లు దగ్గరికొచ్చినాయన్నది ఆయనే. "మరి ఏం తగిలితే నీళ్లు లేనట్టు?" అని అడిగాను.

"సదువుకున్నోడివి, నువ్వే చెప్పాల," అన్నాడు. కూలీలు నవ్వారు.

కళ్లకు గంతలు కట్టి నడిపించి చూద్దామన్నాను. ఆయన సరేనన్నాడు. టెంకాయ మూడు చోట్ల లేచింది. ఒకటి మాత్రం బావికి దగ్గర.

"చూసినావా, కండ్లు గట్టినా ఈడికే వచ్చినాడు," అన్నాడు చిన్నాయన.

"మిగతా రెండో?"

"ఆడా ఉండాయేమో నీళ్లు. ఎవురు తవ్వి చూసినారు?"

మర్నాడు చేను కింది పల్లంలో నేనే గుంత తీశాను. నడుము లోతులో తడిమట్టి వచ్చింది. కూలీలను ఇటు పంపమని చిన్నాయనను పిలిచాను. ఆయన పిడికెడు మట్టి నలిపి చూసి శానా సంతోషపడ్డాడు.

"బావి నీళ్లే ఈడిదాకా ఊరుతాండాయి రా. జాగా సరిగ్గానే పెట్టినాం."

"బావిలో చుక్క లేదు గదా, చిన్నాయనా."

"నీ పుస్తకంలో ఉండేదే నీకు కనపడతాది. పో."

ఇంకో ఇద్దరు కూలీలను పెట్టి ఆ బండనే పేల్పించాడు. చిన్నమ్మ కడవ దించి మా ఇద్దరినీ చూసింది.

"మీ మాటల్తో ఏర్లు తడవవు. ఆ చివరి వరస వాడిపోతాండాది. నువ్వూ ఒక కడవెత్తు రా."

ఎత్తాను. బండ పేల్చినా మా బావిలో చుక్క పడలేదు; కొన్నాళ్లకు పక్క చేని బావి కూడా అడుగంటింది. వానలు పడేనాటికి మిగిలిన చీనీ మొక్కలు పదకొండు.