పెనం మలుపుకు గేటు

వెల్డా ట్రస్కాట్ డెబ్బై ఒక్క ఏళ్ళ జీవితంలో ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోలేదు, ఒక్క పెనం మలుపు తప్ప. ఎల్క్‌టూత్ నది అక్కడ కొండను చుట్టి వచ్చి పెనంలా గుండ్రంగా వెడల్పవుతుంది. ఒడ్డున ఓ ఎకరం పచ్చిక, నాలుగు పెద్ద పైన్ చెట్లు, రాళ్ళు పేర్చిన పొయ్యి ఒకటి. నేషనల్ ఫారెస్ట్‌లో ఉన్న చోటు కాబట్టి అది అందరిదీ. టికెట్టు లేదు, కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, నంబరు వేసిన గుంజ లేదు. ముందొచ్చినవాళ్ళు గుడారం వేసుకుని దిగుతారు. పద్నాలుగు రోజులు ఉండొచ్చు. పదిహేనో రోజు అక్కడ వాళ్ళ పొయ్యి పొగ కనబడకూడదు, మళ్ళీ నెల తిరిగితే గాని ఆ మొహం అక్కడ చూపించకూడదు. ఉన్న చట్టమల్లా అంతే.

ఆ చట్టాన్ని వెల్డా ముప్ఫై ఒక్క వేసవుల పాటు ఒక్క పూట కూడా మీరలేదు. మీరకపోవడం భయం వల్ల కాదు. ఆవిడకు భయం తెలియదు. ఇరవై రెండేళ్ళు ఆ కొండల్లో దుంగల లారీ తోలింది. మొదటి రోజున మిల్లు దగ్గర మగవాళ్ళు చుట్టూ మూగి, "వంటింటి దారి తప్పావా ఏంటమ్మా?" అని నవ్వారు. "దారి అడుగుదామంటే మీ ఆవిడలు ఎవరూ ఎదురుపడలేదు," అని వెల్డా గేరు వేసింది. మిల్లు మూతపడ్డాక ఊళ్ళో బడి వంటగదిలో పిల్లలకు వండిపెట్టింది. ఇప్పుడు దాణా కొట్టు వెనక అద్దెకు తీసుకున్న రేకుల ఇంట్లో ఉంటుంది. జులై వచ్చిందంటే ఆ ఇల్లు ఉడికిపోతుంది. అప్పుడు పాత ట్రక్కులో గుడారం, ఇనప మూకుడు, బీన్సు సంచి, గొడ్డలి పడేసుకుని మలుపుకు బయల్దేరుతుంది.

పెనం మలుపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. వెళ్ళిపోయేవాళ్ళు తరవాత వచ్చేవాళ్ళకోసం కట్టెలు కొట్టి, పేర్చి వెళ్ళాలి. పొయ్యి పక్క బండ కింద ఓ కాఫీ డబ్బా ఉంటుంది, అందులో అగ్గిపెట్టె, ఓ చిన్న నోటుబుక్కు. ఒక ముక్క రాసి పెట్టాలి. ఒక్క గుంపుకే సరిపోయే చోటు కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అయినా వెల్డాకు అందరూ తెలుసు. "ఎలుగు వచ్చింది, తిండి ఎత్తున కట్టండి" అని రాసే కుటుంబం తెలుసు. ప్రతి ఏడూ ఆవిడ వెళ్ళాక దిగే ఎఫ్. ఓస్ట్‌బీ తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన రాసేది ఒక్కటే మాట: "కట్టెలకు థాంక్స్." పరమ పిసినారి రాత అని వెల్డా అనుకునేది.

ఆ ఏడు జులై ఏడున దిగింది. తొమ్మిదో తారీకు పొద్దున కాఫీ మరుగుతుంటే రోడ్డు వైపు నుంచి గుంజలు దిగ్గొడుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే, నది దాకా వచ్చే మట్టిరోడ్డు మొదట్లో రెండు బండ దుంగలు పాతి, వాటికి ఇనప గేటు బిగించి, గొలుసు వేస్తున్నారు. "సొంత రోడ్డు, ప్రవేశం లేదు" అని బోర్డు. పక్కనే నిలబడి చూస్తున్నాడు బ్రాంట్ కెస్లర్. పక్కనున్న పశువుల భూమిని కిందటి చలికాలం కొన్న ఆసామి. మడత నలగని టోపీ, మట్టి అంటని బూట్లు.

"మీరు బయటికెళ్ళడానికి ఇబ్బందేం లేదండి," అన్నాడు మర్యాదగానే. "ఎప్పుడంటే అప్పుడు మా వాడు గేటు తీస్తాడు. మళ్ళీ లోపలికే కుదరదు. ఈ మూడొందల గజాల రోడ్డు నా భూమిలోంచి పోతోంది."

"ఎవరు చెప్పారు నీకు?"

"పాత కంచె అక్కడే ఉంది కదండీ."

వెల్డా పక్కున నవ్వింది. "అది ఆవులు నదిలో పడకుండా వేసిన కంచెరా అబ్బాయ్! ఆవుకి అడ్డమని వేసింది, హద్దు అనుకున్నావా? దుంగల లోడుతో ఈ రోడ్డు మీద ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. నువ్వప్పుడు పలక కూడా పట్టుండవు. తీసెయ్ ఆ గొలుసు."

కెస్లర్ తీయలేదు. కొత్తగా భూములు కొన్నవాళ్ళంతా చేసే పొరపాటే అతనూ చేశాడు. మా వైపు కంచెలు హద్దు చూసి వేయరు, పశువు ఎక్కడ ఆగాలో చూసి వేస్తారు.

మర్నాడు ఫారెస్టు ఆఫీసు నుంచి రోసెల్ అకోస్టా వచ్చింది. మూడేళ్ళ సర్వీసున్న అమ్మాయి. ఆకుపచ్చ ప్యాంటు, ఒళ్ళంతా దుమ్ము, చేతిలో మ్యాపు. గేటు తీయిస్తుందేమోనని వెల్డా కాఫీ పోసి కూర్చోబెట్టింది.

"నా చేతుల్లో లేదండి," అంది రోసెల్ కప్పులోకి చూస్తూ. "సర్వేయరు వచ్చి గీత గీస్తే తప్ప ఎవరిదని చెప్పలేం. ఆయన సెప్టెంబరుకి గాని రాడు. అందాకా గేటు ఉంటుంది. లోపలున్నవాళ్ళ జోలికి రావద్దని మాత్రం కెస్లర్ గారికి కాగితం ఇచ్చాం."

"కాగితం ఇచ్చారా! గేటు గజగజా వణికిపోతోంది చూడు."

"ఎగతాళి కాదండీ. ఇంకో సంగతుంది, అది చెబుదామనే వచ్చాను." రోసెల్ మ్యాపు మడిచింది. "ఈ ఏడు కొత్త మ్యాపు వేస్తున్నారు. పది పన్నెండు రోజులకోసారి నేనొచ్చి ప్రతి చోటూ చూసి రాయాలి. వాడకంలో ఉందా, లేదా అని. ఇక్కడ ఖాళీగా కనిపిస్తే 'వాడకం లేదు' అని రాయక తప్పదు. అలా రాసిన చోటు మ్యాపులోంచి పోతుంది. అప్పుడు సర్వేయరు వచ్చి ఏం తేల్చినా ఈ రోడ్డు గురించి పట్టించుకునేవాడుండడు."

"నేనున్నాగా."

"ఇరవై ఒకటో తారీకు దాకా ఉంటారు. ఆ రోజే మళ్ళీ వస్తాను. పద్నాలుగు రోజులు దాటితే మీకు నేనే ఫైను రాయాలి. కెస్లర్ గారు ఫోన్ చేసి ఆ తారీకు గురించి రెండుసార్లు అడిగారు."

వెల్డా ఒళ్ళు మండిపోయింది. తను ముప్ఫై ఒక్క ఏళ్ళు నిలబెట్టిన చట్టాన్నే పట్టుకుని తనను బయటికి ఈడ్వాలని చూస్తున్నాడు వాడు. తను వెళితే గొలుసు పడుతుంది, చోటు ఖాళీ అవుతుంది, మ్యాపులోంచి పోతుంది. వెళ్ళకపోతే తనే తప్పు చేసిన మనిషవుతుంది, ఇక్కడ దిగేవాళ్ళంతా చట్టం లెక్కచేయనివాళ్ళని కెస్లర్ ఊరంతా చాటుతాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం క్లెమ్ పడవ వేసుకుని అటుగా వచ్చాడు. పట్నం నుంచి వచ్చినవాళ్ళను ఎక్కించుకుని చేపల వేటకు తిప్పడం అతని పని. పడవను చూడగానే వెల్డా బూట్లతోనే మోకాలి లోతు నీళ్ళలోకి నడిచింది.

"ఏంటమ్మా, ఈ వయసులో ఈత నేర్చుకుంటున్నావా?"

"నోరు మూసుకుని తెడ్డు ఆపు." నోటుబుక్కులోంచి చింపిన కాగితం అతని చేతిలో పెట్టింది. "వంతెన దగ్గర కొట్టు ఉందే, దాని గోడకి అంటించు. చేపలు చుట్టడానికి వాడావంటే మాత్రం నీ పని చెప్తా."

కాగితం మీద ఇలా ఉంది: "పెనం మలుపులో ఎప్పుడైనా పొయ్యి వెలిగించినవాళ్ళకు. రోడ్డుకు గేటు పెట్టారు. నదికి పెట్టలేదు. ఇరవై ఒకటిన నేను దిగిపోవాలి. ఆ రోజుకి ఎవరైనా ఇక్కడ ఉండాలి. కట్టెలు కొట్టి ఉంచుతాను. వెల్డా."

ఆ తరవాత ఆవిడ చేసిందల్లా కట్టెలు కొట్టడమే. పడిపోయిన మాను తెచ్చుకోవడం, రంపం వేయడం, గొడ్డలి దించడం. భుజం పట్టేస్తే నదిలో తడిపిన గుడ్డ వేసుకుని మళ్ళీ లేచేది. మామూలుగా మోకాలెత్తు పేర్చేది. ఈసారి నడుమెత్తు దాటింది, ఛాతీ దాకా వచ్చింది. పనేదో చేయకపోతే పిచ్చెక్కేలా ఉంది ఆవిడకు. కాగితం చదివారో లేదో తెలియదు. చదివినా, మొహం తెలియని ముసలిదాని కోసం పని మానుకుని ఎవరొస్తారు?

ఆవిడ దిగిన పన్నెండో రోజున కెస్లర్ నడుచుకుంటూ వచ్చాడు. కట్టెల గుట్ట చుట్టూ తిరిగి చూశాడు.

"ఎవరికండీ ఇవన్నీ?"

"వచ్చేవాళ్ళకి."

"ఎవరూ రారు, మీకూ తెలుసు." జేబులోంచి తాళంచెవి తీసి బండ మీద పెట్టాడు. కొత్త ఇత్తడిది, ఎండకు మెరిసింది. "నేనంత చెడ్డవాణ్ణి కాదు. మీరు పెద్దవారు. ఏటా మీ పద్నాలుగు రోజులూ రండి, హాయిగా ఉండండి. బతికినన్నాళ్ళూ. మీరొక్కరే. చెత్త పడేసి పోయే జనం నాకు వద్దు, అంతే."

వెల్డా ఆ తాళంచెవి వంక చూసింది. నిజం చెప్పాలంటే చూసీ చూడనట్టు చూడలేదు, బాగానే చూసింది. రేకుల ఇంటి వేడి గుర్తొచ్చింది. ఇంకెన్ని వేసవులుంటాయి తనకు, ఎనిమిదా, పదా? అన్నీ ఇక్కడే గడిచిపోతాయి, ఎవరి పోటీ లేకుండా. ఆ ఆశ కలిగినందుకు ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇది పుచ్చుకున్నాననుకో," అంది మెల్లగా, "గేటు నీదని ఒప్పుకున్నట్టే కదా?"

"అలా ఎందుకనుకోవాలి?"

"మరెలా అనుకోవాలి? నాది నాకే ఇచ్చి, నాచేత థాంక్స్ చెప్పించుకుందామనా? చెత్తంటావా, ఈ ఎకరం నేలలో ఒక్క సీసా మూత ఏరి చూపించు, నీ గేటుకి నేనే రంగు వేస్తా." తాళంచెవి తీసి అతని జేబులో తనే పడేసింది. "ఇలాంటివి నాకు చూపించకు అబ్బాయ్. నీ పప్పులు ఇక్కడ ఉడకవు. కాఫీ కూడా ఇవ్వను, పో."

ఇరవై ఒకటో తారీకు తెల్లారింది. వెల్డా గుడారం విప్పింది, పొయ్యిలో నీళ్ళు పోసి, బూడిద కలిపి, చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసింది. సామాను ట్రక్కులోకి ఎక్కించింది. డబ్బాలో కొత్త అగ్గిపెట్టె పెట్టింది. నది మీద ఎవరూ లేరు. పది గంటలకు ఓ రబ్బరు తెప్ప వచ్చింది, అందులో కుర్రకారు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం రోసెల్ వచ్చింది. ఆ అమ్మాయి వెనకే కెస్లర్ కూడా వచ్చాడు, సాక్షిగా.

రోసెల్ కాగితాల అట్ట తెరిచి, మూసింది. "ఇంకొంచెం సేపు కూర్చుంటానండీ. నాకేం తొందర లేదు."

"రూలు రూలే కదండీ మేడమ్," అన్నాడు కెస్లర్.

"అవునండీ. రోజు సాయంత్రం దాకా ఉంటుంది."

మూడయింది. నాలుగయింది. వెల్డా తన గుట్ట పక్కన మొద్దు మీద కూర్చుంది. ఏడుపు వచ్చింది గాని వాడి ఎదుట ఏడవదలచుకోలేదు. లేచి ట్రక్కు తలుపు తీసింది. అప్పుడు మలుపు పైనుంచి క్లెమ్ గొంతు వినబడింది, ఎవరినో తిడుతూ.

"కదలకుండా కూర్చోవయ్యా మహానుభావా, పడవ బోర్లా పడుతుంది!"

పడవ నిండా సామాను. సామాను మీద పొడుగాటి మనిషి, తెల్ల గడ్డం, చంకలో ఊతకర్ర, ఒళ్ళో రేకుతో చేసిన చిన్న పొయ్యి. తుంటి ఎముకకు ఆపరేషనై ఏడు వారాలట. క్లెమ్ దాదాపు ఎత్తుకుని ఒడ్డున దించాడు. ఆ మనిషి నిలదొక్కుకుని, ముందు కట్టెల గుట్ట చూశాడు, తరవాత వెల్డాను చూశాడు.

"వెల్డా అంటే నువ్వేనా?"

"నేనే."

"ఫిన్ ఓస్ట్‌బీని. పంతొమ్మిదేళ్ళ నుంచీ నీతో ఓ మాట చెప్పాలనుకుంటున్నా. రాస్తే మొహమాటంగా ఉంటుందని రాయలేదు." రేకు పొయ్యి ఎత్తి చూపించాడు. "దీనికి పన్నెండంగుళాల కట్టే పడుతుంది. నువ్వు కొట్టేవి పద్దెనిమిది. ప్రతి ఏడూ మొత్తం గుట్టనీ మళ్ళీ కోసుకుంటున్నా."

వెల్డా నడుం మీద చేతులు వేసుకుంది. "కృతజ్ఞత లేని మనిషివి! ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"ఇప్పుడు చెప్పాగా. ఇంత గట్టిగా అరుస్తావని తెలీదు." ఆయన రోసెల్ వైపు తిరిగాడు. "నేను ఆగస్టు నాలుగు దాకా ఉంటానమ్మా. తరవాత ఎలుగు కుటుంబం. ఆ తరవాత ఇద్దరు టీచర్లు. కొట్టు గోడ మీద సెప్టెంబరు దాకా పేర్లున్నాయి, చోటు చాలక ఐస్ పెట్టె మీద కూడా రాశారు. అందరూ పడవలోనే వస్తారు."

రోసెల్ అట్ట తెరిచింది. "వాడకంలో ఉంది" అని రాస్తూ, రాసిన మాటను పైకి చదివింది. ఆ అమ్మాయి గొంతులో సంతోషం దాగలేదు. కెస్లర్ టోపీ సర్దుకుని గేటు వైపు నడిచాడు. వెల్డా అతని వెనకే నెమ్మదిగా ట్రక్కు పోనిచ్చింది, గొలుసు తీసేదాకా హారను మీంచి చెయ్యి తీయలేదు.

సెప్టెంబరులో సర్వేయరు వచ్చి రెండు రోజులు పొదల్లో పాకి, హద్దు గుర్తుగా భూమిలో దిగ్గొట్టిన పాత ఇత్తడి బిళ్ళను పట్టుకున్నాడు. రోడ్డు మొత్తం ఫారెస్టుదే. ఆవుల కంచె అసలు హద్దుకు నాలుగొందల గజాలు ఇవతల, నది వైపు ఉంది. ముప్ఫై రోజుల్లో గేటు తీసుకుపొమ్మన్నారు. కెస్లర్ ఇనుము పట్టుకుపోయి, కోపంతో దుంగల్ని పీకి అక్కడే పారేశాడు.

అక్టోబరు మొదట్లో వెల్డా ఒక్క రోజు కోసం వచ్చింది. నెల ఎప్పుడో గడిచింది కాబట్టి రావచ్చు. రోసెల్ కూడా అటే వచ్చి, ఆవిడ రెండు దుంగల మీదా రంపం పెట్టడం చూసింది.

"వెల్డా గారూ, అవి..."

"ఎండిన మాను. నేల మీద పడి ఉంది. అలాంటిది ఇక్కడ దిగినవాళ్ళు వాడుకోవచ్చని మీ రూలే కదమ్మా?"

"అవునండీ, రూలే," అని రోసెల్ రంపాన్ని రెండో కొసన పట్టుకుంది.

సాయంత్రానికి రెండు దుంగలూ అయిపోయాయి. వెల్డా చీలికల్ని పైన్ చెట్టు కింద పేర్చి, టేపు తీసి ఒక్కొక్కటీ కొలిచి చూసుకుంది. అన్నీ పన్నెండంగుళాలే.